ఆఫ్రికా పల్లెల్లో పెరటికోళ్లు, వాటి నట్టలు, పిడుదులు, పేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

టాంజానియాలో మొరోగోరో చుట్టుపక్కల పల్లెల్లో కొన్నేళ్లు కోళ్ల వెంట తిరిగాను. అక్కడ పొలాలో వ్యాపారాలో చేసుకుంటున్న మనవాళ్లు, చదువుకో పనికో అటు వెళ్లబోతున్న పిల్లలు, ఇక్కడ పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకుంటున్న చుట్టాలు, అందరూ ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒక్కొక్కళ్లకీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇది తూర్పు, దక్షిణ ఆఫ్రికా పల్లెల సంగతి. మన ఊళ్లకి పనికొచ్చేది తగిలినచోట ఆ మాట కూడా చెప్పాను.

అక్కడి ఊరి కోడి ఎలా ఉంటుంది?

మన నాటుకోడిలాగే. స్వాహిలీలో "కుకు వా కియెన్యేజి" అంటారు, ఊరి కోడి అని. ఒకటిన్నర కిలో అటూ ఇటూ తూగే పెట్ట. ఏడాదికి మూడు నాలుగు విడతలుగా పెట్టి మొత్తం 40 నుంచి 60 గుడ్లు. మెడ మీద ఈకలు లేనివి, ఈకలు వెనక్కి చుట్టుకున్నవి కూడా కనిపిస్తాయి, వేడికి అవి బాగా ఆగుతాయి. పొద్దున్నే వదిలేస్తే సాయంత్రం దాకా మట్టి గీరుకుంటూ పురుగులు, గింజలు, వంటింటి మిగుళ్లు ఏరుకుని తింటాయి. వాటికంటూ కొని పెట్టే మేత దాదాపు ఉండదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే కోడికి తిండీ నట్టలూ (కడుపులో పెరిగే పురుగులు) ఒకే మట్టిలోంచి వస్తాయి.

కోళ్లు ఇంట్లో ఎవరివి?

ఎక్కువగా ఆడవాళ్లవి, పిల్లలవి. పశువులు మగవాళ్లవి. బడి ఫీజుకో, మందుబిళ్లకో, ఉప్పుకో చేతిలో పైసా లేనప్పుడు ఆ ఇల్లాలు అమ్మేది కోడినే. అందుకే ఊరికి వెళ్లి సమావేశం పెట్టి మగవాళ్లకి నట్టల మందు గురించి చెప్పి వచ్చేస్తే ఏమీ మారదు. గూడు ఊడ్చేది ఎవరో వాళ్లతో మాట్లాడాలి. వాళ్లకి తెలిసినంతగా ఏ కోడి ఎప్పుడు డీలాపడిందో మనకి తెలియదు.

అన్ని కోళ్లకీ నట్టలు ఉంటాయా?

దాదాపు అన్నిటికీ. మొరోగోరో ప్రాంతంలో, జింబాబ్వేలోని గొరొమొంజి జిల్లాలో, జాంబియా నడిమి ప్రాంతంలో ఊరి కోళ్లని కోసి చూసినప్పుడు నూటికి తొంభైకి పైగా కోళ్లలో నట్టలు దొరికాయి, అదీ ఒకే రకం కాదు, ఒక్కో కోడిలో మూడు నాలుగు రకాలు కలిసి. కాబట్టి "మా కోళ్లకి నట్టలు ఉన్నాయా" అని అడగకండి. ఎన్ని ఉన్నాయి, ఏ వయసు కోడిలో ఉన్నాయి, అది అడగండి.

అన్నిటికీ ఉన్నా తిరుగుతూనే ఉన్నాయి కదా, మరి టెన్షన్ ఎందుకు?

పెద్ద కోడి చాలావరకు తట్టుకుంటుంది. దెబ్బ తగిలేది మూడు నెలల లోపు పిల్లకి. ఏలికపాములు చిన్న పేగులో గుంపుగా చేరితే పిల్ల తిన్నదంతా వాటికే పోతుంది, రెక్కలు వేలాడతాయి, ఎదుగుదల ఆగిపోతుంది, ఒక్కోసారి పేగు పూర్తిగా పూడుకుపోతుంది. అప్పుడు దాన్ని గద్ద ఎత్తుకుపోతే గద్ద తిన్నదంటాం, కానీ తల్లి కేక వేసినప్పుడు మిగతావన్నీ దాక్కుంటే ఇదొక్కటే పరిగెత్తలేకపోయింది, అసలు కారణం కడుపులో ఉంది. పెద్దవాటిలో నష్టం కంటికి కనిపించదు, గుడ్లు తగ్గుతాయి, బరువు రాదు, అమ్మేటప్పుడు బేరగాడు రొమ్ము ఎముక తడిమి ధర తగ్గిస్తాడు.

చచ్చిన కోడిని కోసి చూస్తే ఏం కనిపిస్తుంది?

ఇది ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా చేసి చూడాలని నా కోరిక. వంద పోస్టర్లు చెప్పలేనిది ఒక్క కోడి పేగు చెబుతుంది. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కోండి, అరటాకు మీద కోడిని వెల్లకిలా పెట్టండి, ఒక గిన్నెలో శుభ్రమైన నీళ్లు, ఒక కొత్త బ్లేడు. ఒక ఊళ్లో ఓ పెద్దావిడ ముందు అలా కోశాను. గొంతు కింద గింజల సంచి విప్పితే లోపలి పొరలో దారంతో వంకరటింకరగా కుట్టు వేసినట్టు సన్నటి పురుగులు. కందనకాయకి పైన ఉండే మెత్తటి పొట్ట గోడలోంచి ముదురు ఎరుపు చుక్కలు, ఆవగింజలంత, బయటికే కనిపిస్తున్నాయి. అవి టెట్రామెరిస్ అనే నట్ట ఆడవి, రక్తం తాగి గుండ్రంగా ఉబ్బి గోడలో కూర్చుంటాయి. చిన్న పేగు నిలువునా చీల్చి నీళ్లలో ఆడిస్తే తెల్లటి బద్దెపురుగులు టేపు ముక్కల్లా విచ్చుకున్నాయి, వాటి మధ్య సేమియా అంత లావున, వేలెడు పొడవున నాలుగైదు ఏలికపాములు. పేగు చివర రెండు గుడ్డి సంచుల్లో సెంటీమీటరు పొడవు సన్నటివి లెక్కలేనన్ని. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇన్ని రోజులూ నేను వీటికి కూడా మేత వేశానా" అంది.

అయిపోయాక ఆ కోడిని లోతుగా పాతిపెట్టండి, లేదా కాల్చేయండి. కుక్కలకి వేయొద్దు. మరో మాట, ఊళ్లో కోళ్లు వరసగా చస్తుంటే ఇలా ఇంట్లో కోయకండి, అది బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు, పశువైద్యుడికి చెప్పండి.

ఈ నట్టలు కోడిలోకి ఎలా వెళ్తాయి?

రెండు దారులు. ఏలికపాముది సూటి దారి: రెట్టలో గుడ్లు పడతాయి, తడి, వేడి ఉంటే ఒకటి నుంచి మూడు వారాల్లో ముదురుతాయి, మరో కోడి వాటిని మట్టితో పాటు మింగుతుంది. అందుకే వానాకాలంలో, తడిగా ఉండే గూట్లో, నీళ్ల గిన్నె చుట్టూ బురదలో ఇవి పెరుగుతాయి.

బద్దెపురుగుది చుట్టుదారి. దాని గుడ్లని చీమలో పేడపురుగులో తింటాయి, రకాన్ని బట్టి ఈగలు, నత్తలు కూడా. ఆ చీమని కోడి తింటుంది. టెట్రామెరిస్‌కి మిడతలు, బొద్దింకలు. ఊరి కోడికి మాంసకృత్తులన్నీ ఈ పురుగుల నుంచే రావాలి, కాబట్టి చీమని తినొద్దని కోడికి చెప్పలేం. బద్దెపురుగుని ఊరి కోడిలో పూర్తిగా లేకుండా చేయడం అయ్యే పని కాదు. ఎవరైనా చేస్తామని చెబితే నమ్మకండి.

నట్టల మందు ఏది, ఎప్పుడు వేయాలి?

ముందు ఒక సంగతి. పైపరజీన్ చవక, అన్ని చోట్లా దొరుకుతుంది, కానీ అది ఏలికపాములకి మాత్రమే పనిచేస్తుంది. బద్దెపురుగుకి పైపరజీన్ వేసి "మందు పనిచేయలేదు" అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. లెవామిసోల్, ఫెన్‌బెండజోల్ ఏలికపాముల్లాంటి గుండ్రటి నట్టల్లో ఎక్కువ రకాల మీద పనిచేస్తాయి. బద్దెపురుగుకి ప్రాజిక్వాంటెల్ లేదా నిక్లోసమైడ్ కావాలి. రెట్టలో తెల్లగా ఉడికిన బియ్యపు గింజల్లా ముక్కలు కనిపిస్తే అది బద్దెపురుగు. మోతాదు కోడి బరువుని బట్టి, లేబుల్ మీద ఉన్నట్టే. చెంచా లెక్కలు వద్దు, తక్కువ మోతాదు పదేపదే వేస్తే నట్టలు మందుకి అలవాటు పడిపోతాయి.

ఎప్పుడంటే, వానలు మొదలయ్యే ముందు ఒకసారి, వానల మధ్యలో ఒకసారి. మొరోగోరోలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, మసికా అంటారు. డబ్బు అన్నిటికీ చాలకపోతే ఎదిగే పిల్లలకే వేయండి. మందు వేసిన రోజున కోళ్లని కాసేపు ఒకే చోట ఉంచి, పడిన రెట్టంతా ఊడ్చి పాతిపెట్టండి. లేకపోతే బయటికి వచ్చిన గుడ్లన్నీ మళ్లీ అదే వాకిట్లో. మందు వేశాక ఎన్ని రోజులు గుడ్లూ మాంసం తినకూడదో లేబుల్ మీద ఉంటుంది, అదొక్కటి మాత్రం తప్పొద్దు.

రాత్రిళ్లు కోళ్లు గూట్లోకి వెళ్లనంటున్నాయి, చెట్టెక్కుతున్నాయి. ఎందుకు?

ఇది అడిగితే నేను వెంటనే గూటి గోడ చూస్తాను. టార్చి, చాకు తీసుకుని చీకటి పడ్డాక రెండు గంటలకి వెళ్లండి. మట్టిగోడ పగుళ్లలో, వాసాలు కట్టిన తాళ్ల కింద, దూలం బెరడు వెనక చాకు మొన పెట్టి గీరితే బల్లపరుపుగా, చింతగింజ రంగులో పిడుదులు రాలతాయి. ఆర్గస్ అనే కోడి పిడుదు. పగలంతా పగుళ్లలో దాక్కుంటుంది, రాత్రి బయటికి వచ్చి అరగంటో గంటో రక్తం తాగి మళ్లీ లోపలికి పోతుంది. పగలు కోడిని ఎంత వెతికినా పెద్దవి కనిపించవు, రెక్కల కింద దాని పిల్లలు మాత్రం కొన్ని రోజులు అతుక్కుని ఉంటాయి. ఎర్ర నల్లులు కూడా ఇలాగే రాత్రి దొంగలు. అవి మరీ చిన్నవి, వేలితో గోడ రుద్దితే రక్తపు మరక తగులుతుంది.

రక్తం పోవడం ఒకటే కాదు. ఈ పిడుదు బొరీలియా అనే జ్వరాన్ని, ఎజిప్షియనెల్లా అనే రక్తపు జబ్బుని అంటిస్తుంది, దాని పిల్లలు కుడితే కాళ్లు పడిపోవడం కూడా ఉంది. పైగా తిండి లేకుండా ఏడాది పైన బతుకుతుంది. పాత గూడు ఆరు నెలలు ఖాళీగా ఉంచాం కదా అని కొత్త కోళ్లని పెడితే పిడుదులు అక్కడే ఎదురుచూస్తుంటాయి.

అందుకే కోడికి కాదు, గూటికి వైద్యం చేయాలి. పగుళ్లన్నీ మట్టి, పేడ, బూడిద కలిపి పూడ్చండి, సున్నం కొట్టండి, బెరడు ఉన్న కర్రలు తీసేసి చెక్కిన నున్నటి కర్రలు పెట్టండి. మరిగే నీళ్లు పగుళ్లలో పోయండి. పాత గడ్డి కప్పు మరీ పాడైతే విప్పి కాల్చేసి కొత్తది వేయండి. కొత్తగా కట్టేవాళ్లు నేల నుంచి మోకాలెత్తు పైన, గుంజల మీద, కింద కర్రల మధ్య సందులు ఉండేలా కట్టుకోండి. రెట్ట కిందికి రాలుతుంది, ఊడ్చుకోవచ్చు, ముంగిస, పాము, అడవిపిల్లి నుంచి కూడా కాపుదల.

కళ్ల చుట్టూ, జుట్టు మీద నల్లటి గింజల్లా అంటుకున్నాయి, అవేంటి?

కుక్కల ఒంటి మీద గెంతే ఫ్లీ పురుగుల్లాంటివే, కానీ గెంతకుండా చర్మంలో తల గుచ్చి అతుక్కుపోయే జాతి. పెద్ద కోడికి కళ్లు మూసుకుపోయి తిండి కనిపించదు, చిన్న పిల్లకి నాలుగు డజన్లు పడితే రక్తం చాలక చచ్చిపోతుంది. వాటి మీద వ్యాజిలీన్ కానీ వంటనూనె కానీ దట్టంగా పూయండి, ఊపిరాడక చస్తాయి. లాగి పీకితే పుండు పడుతుంది. వీటి గుడ్లు నేలమీద పడి మట్టిలో పెరుగుతాయి కాబట్టి గూటి కింద మట్టి పైపొర తీసి పారేయాలి, కుక్కలు, పిల్లులు, ఎలుకలు కూడా వీటిని మోసుకొస్తాయి కాబట్టి కుక్క కోళ్ల గూటి కింద పడుకోకుండా చూడాలి.

కాళ్ల మీద పొలుసులు లేచి సున్నం పూసినట్టు అయ్యాయి.

ఇది కాలి నల్లి, పొలుసుల కింద చేరే చాలా చిన్న పురుగు. సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, ఆరాక వంటనూనె లేదా వ్యాజిలీన్ పట్టించండి, వారానికొకసారి నెల రోజులు. ఇంజన్ ఆయిల్, కిరసనాయిలు పూయకండి, చర్మం కాలుతుంది.

పేలకి?

పేను జీవితమంతా కోడి మీదే, కోడి నుంచి విడిపోతే కొద్ది రోజుల్లో చస్తుంది. కోడి తనంతట తానే మట్టిలో పొర్లి వదిలించుకుంటుంది, మనం చేయాల్సింది నీడలో పొడి మట్టి, పొయ్యి బూడిద కలిపి ఒక గుంట ఉంచడం. వాన తగలకూడదు. పొదిగే పెట్ట బయటికి రాదు కాబట్టి దాని గూటి గడ్డి కింద బూడిద చల్లాలి.

ఆకుపచ్చ రెట్ట వేస్తోంది, కొక్కెర తెగులేనా?

కావచ్చు, కాకపోవచ్చు. మనం కొక్కెర తెగులు అనేదే టాంజానియాలో "మ్‌డోండో", మలావీలో "చిటోపా". ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్ పేరు మీద మన దేశంలో రాణీఖేత్ జబ్బు అంటారు, ప్రపంచమంతా న్యూకాజిల్ అంటుంది. ఊళ్లో సగం ఇళ్లలో ఒకే వారంలో కోళ్లు పడిపోతుంటే, మెడ తిప్పుకుంటుంటే, గురక పెడుతుంటే అదే అనుకోండి. ఒక్క ఇంట్లోనే, నెమ్మదిగా, ఒకటి తర్వాత ఒకటి ఆకుపచ్చ రెట్ట, జ్వరం, కాళ్లు పట్టు తప్పడం ఉంటే గూట్లో పిడుదులు వెతకండి, బొరీలియా కావచ్చు. దానికి పెనిసిలిన్ పనిచేస్తుంది, కొక్కెర తెగులుకి ఏ మందూ లేదు. ఒకసారి ఒక పట్టణంలో మందుల షాపువాళ్లు అసలు ఏమీ అడక్కుండా ఆ రెండిటికీ ఒకే పొడి ఇచ్చారు, ఆ ఇంట్లో పదకొండు కోళ్లలో మూడే మిగిలాయి. ఆ పొడికి ఇచ్చిన డబ్బు ఆ ఇంటి పిల్ల నోటు పుస్తకాల డబ్బు.

టీకా ఉందా? ఫ్రిజ్ లేని ఊళ్లో ఎలా?

ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో తయారైన ఐ-2 అనే టీకా వేడికి ఆగుతుంది. పూర్తిగా చల్లదనం అక్కర్లేదని కాదు, ఊరిదాకా తీసుకెళ్లే కొద్ది రోజులు తడిగుడ్డ చుట్టి నీడలో ఉంచినా పనికొస్తుంది. కంటిలో ఒక్క చుక్క, పిల్లకీ పుంజుకీ ఒకటే చుక్క. నాలుగు నెలలకొకసారి. మొజాంబిక్, టాంజానియా, మలావీ పల్లెల్లో ఊరివాళ్లే నేర్చుకుని ఇంటింటికీ తిరిగి వేస్తారు, చాలాచోట్ల ఆడవాళ్లే. జబ్బు ఊళ్లోకి వచ్చాక వేస్తే ఆలస్యమే, ఎండాకాలం ముదరకముందే వేయించుకోవాలి.

నా లెక్కలో చేతిలో కొంచెం డబ్బే ఉంటే మొదటి షిల్లింగు ఈ టీకాకే, రెండోది పిల్లల మేతకి, మూడోది గూటికి, నట్టల మందు ఆ తర్వాతే. నట్టలు తీసేసి బలంగా చేసిన కోడిని కొక్కెర తెగులు మూడు రోజుల్లో పట్టుకుపోతే ఏం లాభం?

పది పిల్లలు పుడితే మూడు మిగులుతున్నాయి, ఏం చేయాలి?

ఊరి కోళ్ల పెంపకంలో అసలు నష్టం ఇదే. రెండు నెలల లోపే సగానికి పైగా పోతాయి: గద్ద, వాన, ఆకలి, జబ్బు. మన అమ్మమ్మలు పిల్లల మీద గంప బోర్లించేవాళ్లు కదా, అదే అక్కడా పనిచేస్తుంది. టాంజానియాలో కోళ్లని సంతకి మోసుకెళ్లే "టెంగా" అనే అల్లిన బుట్ట ఉంటుంది. దాన్ని బోర్లించి లోపల నూకలు, తవుడు, చితక్కొట్టిన ఎండు చేపపొట్టు, చిన్న మూకుట్లో నీళ్లు పెడితే సందుల్లోంచి పిల్లలు దూరి తింటాయి, పెద్ద కోళ్లు లాక్కోలేవు. మూడు నాలుగు వారాలు తల్లినీ పిల్లలనీ ఇంటి దగ్గరే ఉంచండి. పిల్లల్ని నాలుగైదు వారాలకి తల్లి నుంచి వేరుచేస్తే పెట్ట మళ్లీ త్వరగా గుడ్లకి వస్తుంది. అయితే వేరుచేసిన పిల్లలకి మేత పెట్టగలిగితేనే.

ఒక జాగ్రత్త: ఇరుకు చోట, తడి నేల మీద మూసి పెంచితే రక్త విరేచనాలు వస్తాయి, కాక్సిడియోసిస్ అంటారు. బుట్ట చోటు రోజూ మార్చండి. వచ్చిందంటే ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి ఇవ్వాలి, నట్టల మందు దానికి పనిచేయదు.

పిల్లలకి చెదలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, మంచి బలం. బుర్కినా ఫాసో, టోగో, బెనిన్‌లో పాత కుండలో పేడ, ఎండు గడ్డి, జొన్న కంకి పొట్టు కుక్కి కాస్త తడిపి చెదలు తిరిగే చోట బోర్లిస్తారు, మర్నాటికి కుండ నిండా చెదలు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు దులపాలి. అన్ని రకాల చెదలూ మంచివి కావు, ఆ ఊరివాళ్లు ఏది పెడతారో అదే పెట్టండి.

వేప, కలబంద పనిచేస్తాయా?

వేపని స్వాహిలీలో "మ్వారొబయినీ" అంటారు, నలభై జబ్బులకి మందు అని అర్థం. మన దేశం చెట్టుకి అక్కడ అంత పేరు వచ్చిందని తెలిసినప్పుడు చాలా సంతోషమేసింది. ఆకు గూట్లో పరిస్తే, నూనె గోడలకి పూస్తే నల్లులు, పేలు తగ్గుతాయి. జింబాబ్వేలో కలబంద ముక్కలు తాగేనీళ్లలో వేస్తారు. జబ్బు కోళ్లు కాస్త తేరుకోవడానికి వాడుకోండి. కానీ పేగునిండా ఉన్న బద్దెపురుగులు వీటితో పోతాయని, కొక్కెర తెగులు తగ్గుతుందని ఆశపడొద్దు.

పొలానికి కొట్టే మందు గూట్లో కొట్టొచ్చా?

వద్దు. కోడి దాన్ని ఈకల నుంచి ముక్కుతో తీసుకుని మింగుతుంది, గుడ్డులోకి వస్తుంది, ఆ గుడ్డు తినేది పసిపిల్ల. కోళ్లకని లేబుల్ ఉన్నదే, లేబుల్ మీద చెప్పినంతే.

కోడి నట్టలు మనుషులకి వస్తాయా?

కోడి ఏలికపాము, బద్దెపురుగు మనకి రావు. పిడుదులు, నల్లులు కుట్టొచ్చు. అసలు భయపడాల్సింది రెట్టలోని బ్యాక్టీరియాకి. జింబాబ్వే పల్లెల్లో పాకే వయసు పిల్లల్ని గంటల తరబడి గమనించినప్పుడు కొందరు కోడి రెట్టనే నోట్లో పెట్టుకోవడం చూశారు. కోళ్లు రాత్రి ఇంట్లోనే పడుకునే అలవాటు చాలాచోట్ల ఉంది, దొంగల భయం అలాంటిది, నేను తప్పు పట్టను. కానీ పాపాయి పాకేచోట చాప, ఆ చాపకి కోళ్లు రాకుండా ఓ అడ్డు ఉండి తీరాలి.

మేలుజాతి కోడి తెచ్చుకుంటే మంచిది కదా?

మన దేశంలో తయారైన కురాయిలర్ ఉగాండా, టాంజానియా పల్లెల దాకా వెళ్లింది, మన హైదరాబాద్‌లో తయారైన వనరాజా లాంటి పెరటికోడే. బరువు, గుడ్లు ఎక్కువే. కానీ మేత ఎక్కువ కావాలి, పొదగదు, కాబట్టి పిల్లల్ని మళ్లీ కొనాలి. గూడు, టీకా సరిగా లేని ఇంట్లో అది ఊరి కోడి కన్నా ముందే పోతుంది.

కోళ్లతో టర్కీలు కలిపి పెంచొచ్చా?

వద్దండీ. కోడి పేగు చివర సంచుల్లో ఉండే సన్నటి నట్ట తన గుడ్డులో హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవిని మోస్తుంది. కోడికి దానితో పెద్దగా ఏమీ కాదు, టర్కీకి మాత్రం కాలేయం పుండ్లుపడి గుంపు గుంపే పోతుంది. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, అందుకే నిన్నటిదాకా కోళ్లు తిరిగిన వాకిట్లో కూడా టర్కీ పిల్లల్ని వదలకండి.